ముల్లు పడిపోతే ఇంజన్ విప్పేస్తారా?

పాత అంబాసిడర్‌లోనో జీపులోనో ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారిందని చెబితే ఇవాళ చాలా షెడ్లలో వచ్చే జవాబు ఒక్కటే. బేరింగులు పోయాయి, ఇంజన్ దించాలి. ఆ మాట అనడానికి ఏ విద్యా అక్కర్లేదు. అబద్ధమాడుతున్నది ముల్లా, ఇంజనా అని ముందు తేల్చడానికే విద్య కావాలి. ఆ విద్యలో మన శ్రీకాకుళం, విజయనగరం మేస్త్రులను మించినవాళ్లు లేరని నా నమ్మకం. పక్షపాతం అన్నా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను.

వాళ్లకు ఆ పట్టు దొరకడానికి కారణం మన రోడ్లు. సాలూరు దాటితే సుంకి ఘాటు, ఆపైన కొరాపుట్, ఇంకా పోతే రాయపూర్. లారీలకు, లారీ బాడీలకు సాలూరు పేరు మోసింది ఈ దారి వల్లే. ఇటు పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ ఊళ్లకు చాలాకాలం జీపే దిక్కు. ఘాటు మధ్యలో ఇంజన్ పట్టేస్తే ఎవరూ వచ్చి ఆదుకోరు. అందుకని డ్రైవరు కళ్లెప్పుడూ ముల్లు మీదే ఉండేవి. ముల్లు ఏ మాత్రం తేడాగా కదిలినా కొండ దిగగానే బండి మేస్త్రి ముందుండేది.

అలాంటి ఒక పెద్ద మేస్త్రి పని చేస్తుంటే చూడటం నాకు కచేరీ విన్నంత సుఖం. పానా జోలికే పోడు. ముందు అడుగుతాడు: "పొద్దున్న సల్లగా ఉన్నప్పుడు ముల్లు ఎంతుంటాది? ఘాటెక్కినాక ఎంతుంటాది?" ఆ రెండు ప్రశ్నల్లోనే సగం రోగం బయటపడుతుంది. నిజమైన ప్రెషర్ చల్లని ఇంజన్లో ఎక్కువగా ఉంటుంది, ఆయిల్ వేడెక్కి పలచబడే కొద్దీ తగ్గుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ మెల్లగా లేస్తుంది. అంబాసిడర్లో ఎన్నో ఏళ్లు వాడిన 1489 సీసీ బీఎంసీ ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే, వేడెక్కాక పరుగులో 50 పౌండ్ల దగ్గర, ఐడిల్లో 15 దగ్గర చూపిస్తుంది. ఐడిల్లో 15కు పడిందని కంగారుపడి ఇంజన్ విప్పించుకున్న యజమానులున్నారు. పాపం, అది జబ్బే కాదు. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, తొక్కినా వదిలినా ముల్లు ఒకే చోట నిలబడితే మాత్రం ఆ ముల్లును నమ్మకూడదు. ఇంజన్ ఆపినా సున్నాకు రాకుండా 30 దగ్గర వేలాడేదాన్ని అసలే నమ్మకూడదు.

తర్వాత హెడ్‌లైట్లు వేయమంటాడు, హారన్ కొట్టమంటాడు. లైటు వేయగానే ముల్లు జరిగిందంటే దోషం ఆయిల్‌లో లేదు. లైటు వేస్తే ఆయిల్ పంపు తిరుగుడు మారదు కదా! ఎర్తు సరిగా లేదని అర్థం. కరెంటు గేజికి ఇంజన్ బ్లాకే ఎర్తు. బ్లాకు నుంచి ఛాసిస్‌కు వచ్చే అల్లిక పట్టీ తుప్పు పట్టినా, బ్లాకులో ఉండి గేజికి ప్రెషర్ కబురు పంపే సెండర్ మరకు దండిగా తెల్ల టేపు చుట్టి బిగించినా దారి మూసుకుపోతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి ఆ పట్టీని తినేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా, అలాంటి వానలకు తడిసి ఆరిన వైరింగు నెలల తర్వాత కూడా తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది. పెట్రోలు ముల్లు, వేడి ముల్లు, ఆయిల్ ముల్లు మూడూ ఒకేసారి పిచ్చిగా కదులుతుంటే వాటన్నిటికీ వోల్టేజి అందించే స్టెబిలైజర్‌ను చూడాలి. ఒకే రోజు మూడు జబ్బులు రావడం అరుదు.

ముల్లు బదులు ఎర్ర దీపం ఒక్కటే ఉన్న బండిలో పరీక్ష ఇంకా సులువు. ఇంజన్ దగ్గర స్విచ్చి వైరు ఊడదీయాలి. దీపం ఆరిపోతే స్విచ్చినో ఆయిల్‌నో అనుమానించాలి. ఊడదీసినా వెలుగుతూనే ఉంటే వైరు ఎక్కడో బాడీకి రాసుకుంటోంది. పెద్ద ఊరి వర్క్‌షాపులో క్రాంకు పోయిందని తేల్చి పంపిన ఒక అంబాసిడర్‌ను విజయనగరం కంటోన్మెంటు వైపు ఒక చిన్న షెడ్డులో చూశాను. మేస్త్రి వైరు పీకాడు, దీపం ఆరలేదు. డ్యాష్‌బోర్డు వెనక రేకు అంచుకు ఒరిసి తోలు పోయిన వైరును పట్టుకున్నాడు, టేపు చుట్టాడు, రబ్బరు బుష్ వేశాడు. "ఏటి బావూ, దీపం ఎలిగినాదని ఇంజన్ ఇప్పించేస్తారేటి?" అని యజమాని కేసి చూసి నవ్వాడు. తీసుకున్నది టీ డబ్బులకంటే కాస్త ఎక్కువ, అంతే.

ముల్లున్న బండిలో వైరును బ్లాకుకు తాకించి చూస్తారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. అమెరికా తీరు సెండర్లో ప్రెషర్ పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, సున్నా దగ్గర 240 ఓములు, నిండుగా 33. జర్మన్ వీడీఓ తీరులో తిరగబడి ఉంటుంది, 10 నుంచి 184 వరకు. అంటే వైరు ఎర్తుకు తగిలితే ఒకదాంట్లో ముల్లు చివరికి కొడుతుంది, ఇంకోదాంట్లో కింద పడి ఉంటుంది. ఒక తీరు గేజికి ఇంకో తీరు సెండర్ బిగిస్తే జీవితాంతం తప్పుడు లెక్కే. మా మేస్త్రులకు ఓముల అంకెలు నోటికి రాకపోవచ్చు, డబ్బా చూడగానే ఏది దేనికి కుదరదో చెప్పేస్తారు. మరల విషయంలోనూ అంతే. ఎనిమిదో వంతు అంగుళం బ్రిటిష్ మరకు అంగుళానికి 28 చుట్లు, అమెరికన్ మరకు 27. కంటికి రెండూ ఒకటే. బలవంతంగా బిగిస్తే బ్లాకు మర పోతుంది. వేళ్లతో రెండు చుట్లు తిప్పి "ఇది దీనిది కాదు" అని పక్కన పెట్టే చేతిని ఏ యంత్రంతో కొలుస్తారు?

ఇన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే మేస్త్రి తన పెట్టెలోంచి సొంత గేజి తీస్తాడు. కరెంటుతో పని లేనిది, పైపుతో నేరుగా ఆయిల్ తాగేది. నేను పూర్తిగా ఈ గేజి పక్షం. 1849లో యూజీన్ బూర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంటు తీసుకున్న గొట్టమే దాని గుండె. పైడితల్లి జాతరలో పిల్లలు ఊదే కాగితం బూర ఊపిరి తగలగానే విచ్చుకున్నట్టు, వంపు తిరిగిన ఆ ఇత్తడి గొట్టం ప్రెషర్‌కు కొంచెం విచ్చుకుంటుంది, ముల్లు తిరుగుతుంది. మధ్యలో వైరు లేదు, ఎర్తు లేదు. పాత విల్లీస్ జీపుల్లో ఇదే ఉండేది. దాని రాగి పైపు ఇంజన్ అదురుకు విరగకుండా మంచి మేస్త్రి ఇంజన్ దగ్గర్లో రెండు మూడు చుట్లు చుడతాడు. ఒక చుట్టు ఇంకో చుట్టును తాకకుండా, నొక్కు పడకుండా చుట్టిన ఆ పైపులు ఎంత అందంగా ఉంటాయో చెప్పలేను. ఇంజన్ కొలతల సంగతి పక్కన పెట్టినా ఆ పనితనం కోసమే బానెట్ ఎత్తి చూడొచ్చు.

ఆ గేజి కూడా తక్కువే చూపిస్తే నిజంగానే ఇంజన్లో లోపముంది. అప్పుడు కూడా క్రాంకు దాకా పోవడానికి చాలా మెట్లున్నాయి. డిప్‌స్టిక్కు తీసి వాసన చూస్తాడు. పెట్రోలు కంపు కొడితే పెట్రోలు పంపు డయాఫ్రమ్ చిరిగి ఆయిల్లో కలుస్తోంది. ఘాటు మలుపుల్లోనే ముల్లు పడి తిన్నని రోడ్డుకు రాగానే లేస్తోందంటే ఆయిల్ మట్టం తగ్గి పంపు గాలి పీలుస్తోంది. బీఎంసీ ఇంజన్లో బ్లాకు ఎడమవైపు వెనక గుండ్రని తల నట్టు కింద, ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఉంటుంది. అక్కడ చిన్న నలుసు ఇరుక్కున్నా ఆయిల్ తిరిగి సంపులోకి జారిపోతుంది. తీసి, కడిగి, స్ప్రింగు చూసి మళ్లీ బిగిస్తే చాలా బండ్లు బాగుపడతాయి. ఆఖరున, స్క్రూ డ్రైవర్ పిడి చెవికి ఆనించి, ఒక్కో ప్లగ్గు వైరు పీకుతూ వింటాడు. ఏ సిలిండరు వైరు పీకినప్పుడు లోపలి కొట్టుడు తగ్గిందో బేరింగు అక్కడ పోయింది. సంపు దించకుండానే "మూడోది" అని చెప్పి, దించాక మూడోదే చూపించిన సాలూరు మేస్త్రిని నేనెరుగుదును. అప్పటికి చుట్టూ చేరిన డ్రైవర్లలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఆయన చెప్పాడంటే అంతే.

ఇప్పుడు కడుపు మండే సంగతి. ఆ రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనక వాషర్లు పేర్చి ముల్లును లేపేవాళ్లు తయారయ్యారు. బేరింగు అరిగిన ఇంజన్లో ఇది మోసం. చల్లగా ఉన్నప్పుడు ముల్లు దర్జాగా నిలబడుతుంది, యజమాని మురిసిపోతాడు. వేడెక్కాక ఐడిల్లో ఆ వాషర్లు ఏమీ చేయలేవు, ఎందుకంటే అప్పుడు వాల్వు మూసుకునే ఉంటుంది, ఆయిల్ పోతున్నది అరిగిన బేరింగు సందుల్లోంచి. ఇంకొందరు సంపులో గేరు ఆయిల్ కలిపి చిక్కబరుస్తారు. బండి అమ్మే ముందు ఎర్ర దీపం బల్బు పీకేసేవాళ్లనూ, కీ తిప్పగానే ఒకసారి వెలగాల్సిన ఆ దీపం ఆయిల్‌తో సంబంధం లేకుండా వెలిగి ఆరేలా వైరు మార్చేవాళ్లనూ ఏమనాలి? పైగా నకిలీ సెండర్లు. కొత్తది బిగించిన వారానికే సున్నా చూపిస్తుంది, అది చూసి ఇంకో మెకానిక్ ఇంజన్ విప్పుతాడు. చౌక సామాను చేసిన తప్పుకు మంచి ఇంజన్ ముక్కలవుతోంది.

2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆ బండ్లను చెవితో విన్న మేస్త్రులు కూడా ఒకరొకరుగా షెడ్లు మూసుకుంటున్నారు. కొడుకులు వేరే పనుల్లోకి పోయారు, దాన్ని తప్పుపట్టను. కానీ మన ఐటీఐల్లో మోటారు మెకానిక్ పిల్లలకు కంప్యూటరు పెట్టి కోడ్ చదవడం నేర్పుతున్నవాళ్లు, నెలకొక రోజు ఈ పెద్దమనుషుల్లో ఒకరిని పిలిచి గౌరవంగా కూర్చోబెట్టి, ఒక పాత ఇంజన్ ముందు నిలబెట్టలేరా? వైరు పీకి చూడటం, ఎర్తు పట్టీ గీకి చూడటం, స్క్రూ డ్రైవర్‌తో వినడం వాళ్ల చేతుల మీదుగా నేర్చుకోవాలి. మేస్త్రికి రోజు కూలీ ఇవ్వండి, ఊరికే రమ్మనకండి.

పాత బండి యజమానులకూ ఒక విన్నపం. "ఇంజన్ దించాలి" అన్న మాట వినగానే తల ఊపకండి. పైపు గేజి పెట్టి కొలిచి చూపించమనండి. కొలవనన్నవాడి దగ్గర బండి వదలకండి. కొలిచి నిజంగానే ప్రెషర్ లేదని తేల్చినవాడి మాట మాత్రం వినండి, ఆ బండిని ఇంటిదాకా నడపాలని చూడకండి, తాడు కట్టి లాగించండి.