సీమ ఓళిగ: ఒకే కుండలో తీపి, చారు

గోధుమపిండి పొరలో శనగబేడల పూర్ణం పెట్టి, పలచగా తట్టి, పెనం మీద నేతితో కాల్చే తీపివంట ఓళిగ. కడప జిల్లాలో ఈ పేరే వాడుక. కర్నూలు, నంద్యాల వైపు భక్ష్యాలంటారు. కోస్తా బొబ్బట్టు, కర్ణాటక హోళిగె, మరాఠీ పురణ్ పోళీ దీనికి దాయాదులు. సీమ ఇళ్ళలో ఓళిగ ఒంటరిగా విస్తట్లోకి రాదు. బేడలు ఉడికిన నీళ్ళతో కాచిన చారు వెంట వస్తుంది. ఒకే కుండలో ఉడికిన పప్పు ఒకపక్క తీపి అవుతుంది, మరోపక్క పులుపూ కారమూ కలిసిన చారు అవుతుంది. ఓళిగ గొప్పతనంలో సగం ఈ పద్ధతిలోనే ఉంది.

పిండి పొరలో తీపి ముద్ద దాచి కాల్చడం దక్కనులో పాత విద్య. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో, వంటలు చెప్పే భాగంలో ఈ కోవకు చెందిన వంటకాలు కనిపిస్తాయి. సీమ నేలలో గోధుమ పెద్దగా పండదు. ఇక్కడి పాత తిండి జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం. గోధుమపిండి, బెల్లం, నెయ్యి మూడూ ఒకచోట చేరేది పండుగకో పెళ్ళికో మాత్రమే. ఓళిగకు పెద్దపీట అలా దక్కింది.

పప్పు మాత్రం సొంత పంట. కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి చేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తుతారు. ఆ తర్వాత వాన ముఖం చాటేసినా, రేగడి పట్టి ఉంచుకున్న పదునుతోనే పైరు పండుతుంది. 1990ల చివర జేజీ 11 రకం వచ్చాక ఇక్కడ శనగ సాగు బాగా విస్తరించింది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఎన్‌బీఈజీ పేరుతో వరసగా రకాలు తెచ్చింది. నిటారుగా పెరిగి యంత్రంతో కోయడానికి వీలిచ్చే ఎన్‌బీఈజీ 47 వాటిలో ఒకటి. ఉగాది వచ్చేసరికి కొత్త శనగలు బేడలై ఇళ్ళకు చేరి ఉంటాయి. వంటకు ఇది చిన్న సంగతి కాదు. ఎండల్లో నెలల తరబడి నిలవున్న పప్పు బిగుసుకుపోయి ఎంత ఉడికించినా పలుకు వదలదు. కొత్త బేడ త్వరగా, అన్నీ ఒకే తీరుగా ఉడుకుతుంది.

నీళ్ళ సంగతీ అంతే. కర్నూలు, కడప జిల్లాల్లో చాలాచోట్ల నేల కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. బేతంచెర్ల నాపరాళ్ళు, దక్షిణాది ఇళ్ళలో పొయ్యిగట్లకు వేసే నల్లటి కడప బండలు ఆ రాతివే. ఆ పొరల్లోంచి పైకొచ్చే బోరునీళ్ళలో కాల్షియం ఎక్కువ. పప్పు గింజలోని కణాలను అంటిపెట్టుకుని ఉండే పెక్టిన్ అనే పదార్థాన్ని కాల్షియం మరింత బిగిస్తుంది. గంటలకొద్దీ మంట పెట్టినా బేడలు ఉడకకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. సోడా వేస్తే మెత్తబడతాయి గానీ కమ్మదనం పోతుంది, కట్టు, అంటే బేడలు ఉడికిన నీళ్ళు, జిగురెక్కి చారుకు పనికిరాకుండా పోతుంది. బేడలు ఉడికించడానికి మాత్రం తాగే తియ్యటి నీళ్ళు వాడడమే సరైన దారి.

పావుకిలో శనగబేడలు, పావుకిలో బెల్లం, పావుకిలో పిండి తీసుకుంటే పదిహేను ఓళిగల దాకా వస్తాయి. బేడలను గంటసేపు నానబెట్టి, లీటరున్నర నీళ్ళు తెర్లుతుండగా వేసి, మూత పెట్టకుండా ఉడికించాలి. పైకి తేలిన నురగ తీసేయాలి. బేడను రెండు వేళ్ళ మధ్య నొక్కితే అడ్డం లేకుండా చిదిమిపోవాలి, కుండలో మాత్రం దాని ఆకారం చెడకూడదు. ఆ హద్దు దాటితే బేడ నీళ్ళు తాగి ముద్దవుతుంది. ఆ పూర్ణం ఎంతసేపు ఉడికించినా జారుతూనే ఉంటుంది. కుక్కరులో ఈ హద్దు కంటికి కనబడదు కాబట్టి ఓళిగ మటుకు తెరిచిన గిన్నెలోనే మేలు. కన్నడ సరిహద్దు వైపు కందిబేడలతోనూ చేస్తారు. పూర్ణం నున్నగా వస్తుంది, శనగకున్న కమ్మదనం మాత్రం తగ్గుతుంది.

ఉడికిన బేడలను చిల్లుల గిన్నెలో వంచి, కిందికి దిగిన కట్టును జాగ్రత్తగా పట్టుకోవాలి. బేడలు పావుగంట ఆరాక బెల్లం పని. ఉడికీ ఉడకని పప్పులో బెల్లం పడితే ఆ పప్పు ఇక మెత్తబడదు, అందుకే ఈ వరస మారకూడదు. చిత్తూరు వైపు నుంచి వచ్చే బెల్లం సీమలో బాగా వాడుకలో ఉంది. అచ్చు పసుపుగా మెరిసేదానికన్నా ముదురు రంగు బెల్లం మంచిది. మెరుపు కోసం తరచూ రసాయనం కలుపుతారు. బెల్లాన్ని రెండు గరిటెల కట్టులో కరిగించి, ఇసుక పోయేలా వడగట్టి, బేడలు కలిపి సన్నమంట మీద తిప్పుతూ ఉండాలి. మొదట పలచబడుతుంది. చూసేవాళ్ళకు చెడిపోయిందనిపిస్తుంది. తేమ ఆవిరయ్యే కొద్దీ దగ్గరపడి, గరిటె నిలబెడితే ఒరిగిపోకుండా నిలిచే దశకు వస్తుంది. అప్పుడు దించాలి. చల్లారితే ఇంకా గట్టిపడుతుందని గుర్తుంచుకుని ఒక్క పిసరు ముందే దించడం అనుభవం ఉన్న చేతుల పని.

పూర్ణాన్ని రోట్లోనైనా మిక్సీలోనైనా నీటిచుక్క తగలకుండా మెత్తగా రుబ్బాలి. ఒక్క పలుకు మిగిలినా తట్టేటప్పుడు పొరను చీల్చుకుని బయటపడుతుంది. ఆఖరున యాలకుల పొడి వేస్తారు. కొన్ని ఇళ్ళలో కాస్త శొంఠి కూడా వేస్తారు, శనగపప్పు బరువుకు అది విరుగుడని. రుబ్బిన పూర్ణాన్ని నిమ్మకాయంత ఉండలుగా చేసి, పైన గుడ్డ కప్పి ఉంచాలి.

పైపిండి పని పూర్ణానికన్నా ముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే దానికి రెండు మూడు గంటల నాన కావాలి. సాదా మైదా, గోధుమపిండి, చిరోటి రవ్వ, లేదా వీటి కలయిక వాడతారు. మైదా పొర పలచగా సాగుతుంది. గోధుమపిండి పొర కొంచెం ముతకగా ఉన్నా రుచిలో ముందుంటుంది. చిరోటి రవ్వ పొరకు చిన్నపాటి కరకర ఇస్తుంది. చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసి, చపాతీ పిండికన్నా బాగా సడలుగా కలిపి, నాలుగు చెంచాల శనక్కాయ నూనె పోసి మర్దించాలి. గోధుమలోని మాంసకృత్తులు నీళ్ళు తగిలాక గ్లూటెన్ అనే సాగుడు అల్లికగా మారతాయి. కలిపిన వెంటనే ఆ అల్లిక బిగిసి ఉంటుంది, తట్టితే వెనక్కి ముడుచుకుంటుంది. నాన ఇస్తే వదులవుతుంది, నూనె దాన్ని మరీ బిగవనివ్వదు. మార్చి చివర కర్నూలు ఎండకు కప్పకుండా వదిలిన పిండి నిమిషాల్లో పైన పెచ్చు కడుతుంది. అందుకే ముద్ద మీద మరో రెండు చెంచాల నూనె పోసి, తడిగుడ్డ కప్పి పెడతారు.

ఓళిగ పని అంతా ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంటుంది. పూర్ణం ఉండలో బొటనవేలు నొక్కాలి, పిండిముద్దలోనూ నొక్కాలి. రెండూ ఒకే మెత్తదనంతో దిగాలి. పూర్ణం గట్టిగా ఉంటే పొర మాత్రమే సాగి అంచుల్లో ఉత్త పిండి మిగులుతుంది. పిండి గట్టిగా ఉంటే పూర్ణం పొరను తోసుకుని పైకి వస్తుంది. కొలతలు ఎంత కచ్చితంగా పాటించినా, పప్పు పాతదో కొత్తదో, బెల్లంలో తేమ ఎంతో, ఆ రోజు గాలి ఎంత పొడిగా ఉందో వాటిని మార్చేస్తాయి. వేలికి తెలిసింది కాగితం మీది లెక్కకన్నా నమ్మదగింది. గట్టిపడిన పూర్ణంలో చెంచా నెయ్యి, గట్టి పిండిలో తడిచెయ్యి, జారే పూర్ణానికి పొయ్యి మీద మరో ఐదు నిమిషాలు: సవరింపులన్నీ ఈ దశలోనే జరగాలి.

పొరల తీపివంట ఏదైనా తేమ లెక్క తప్పితే నిలవదు. ఇటలీలోని త్రెవీజోలో 1970ల్లో పేరుకెక్కిన తిరామిసు ఇందుకు మరో ఉదాహరణ. ఎండు బిస్కెట్లను కాఫీలో ముంచి, గుడ్డుసొన, మస్కర్‌పోనె అనే మీగడజున్ను కలిపిన ముద్దతో పొరలు పేరుస్తారు. గంటల తరబడి చల్లగా ఉంచితే తేమ పొర నుంచి పొరకు పాకి అన్నీ ఒకటవుతాయి. అక్కడ ఆ ఆలస్యమే రుచి. ఓళిగ దానికి పూర్తిగా ఎదురు. బెల్లం తేమను పట్టుకుని ఉంటుంది, పచ్చిపిండి దాన్ని లాగుతుంది. పూర్ణం నింపిన ఉండలను అరగంట వదిలేస్తే పొర జిగురెక్కి ఆకుకు అంటుకుంటుంది. అందుకే ఒకటి పెనం మీద ఉండగా ఇంకొకటి తట్టడం, ఇద్దరు కూర్చుని ఒకరు తడుతుంటే మరొకరు కాల్చడం ఆనవాయితీ.

తట్టడానికి నూనె రాసిన అరిటాకు మంచిది. ఇప్పుడు చాలామంది కడిగిన పాలకవరు వాడుతున్నారు. పూర్ణం ఉండలో సగానికి కొంచెం ఎక్కువ పిండి తీసుకుని, అరచేతిలో పరిచి, మధ్యలో ఉండ పెట్టి, పొరను నాలుగు వైపుల నుంచి పైకి లాగి మూతి మూయాలి. మూసిన వైపు ఆకు మీదికి రావాలి, అక్కడ పొర మందంగా ఉంటుంది కాబట్టి బరువు మోస్తుంది. వేళ్ళ కొసలకు నూనె రాసుకుని, మధ్య నుంచి అంచుకు చుట్టూ తిప్పుతూ తట్టాలి. మధ్యలో నొక్కితే చిల్లి పడుతుంది, అంచున వదిలేస్తే మందంగా మిగులుతుంది. సరిగ్గా తట్టిన ఓళిగలో కింది పూర్ణపు రంగు పొరలోంచి కనబడుతుంది. అప్పడాల కర్రతో వత్తేవాళ్ళూ ఉన్నారు, వేగం పెరుగుతుంది గానీ చల్లిన పొడిపిండి పెనం మీద మాడి చేదు పుట్టిస్తుంది.

ఆకుతో సహా పెనం మీద బోర్లించి, రెండు క్షణాలాగి ఆకు మెల్లగా ఒలిచేస్తారు. మంట మధ్యస్థంగా ఉండాలి. సన్నమంట మీద ఓళిగ ఎండి అప్పడమవుతుంది, పెద్ద మంట మీద బెల్లం కారిన చోటల్లా నల్లబడుతుంది. అడుగున గోధుమరంగు మచ్చలు పడ్డాక తిప్పి, అంచుల వెంట నెయ్యి వేయాలి. పూర్ణంలో మిగిలిన తేమ ఆవిరై పొరను కాస్త పైకి లేపుతుంది. పొర, పూర్ణం ఒకదాన్నొకటి వదిలిన ఆ క్షణమే ఓళిగ కుదిరిందని చెప్పే గుర్తు. దించిన ఓళిగలను వేడి మీద ఒకదానిపై ఒకటి పేర్చకూడదు, చెమటపట్టి అతుక్కుంటాయి.

ఇక చారు. పప్పు నుంచి నీళ్ళలోకి దిగిన పిండిపదార్థం, పొటాషియం, కొన్ని బి విటమిన్లు కట్టులో ఉంటాయి. పారబోస్తే పోయేది రుచి ఒక్కటే కాదు. లీటరు కట్టుకు నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు, ఒక పూర్ణం ఉండ, ఉప్పు, పసుపు చాలు. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిరపకాయలు, కాస్త ఎండుకొబ్బరి వేయించి దంచిన పొడి అందులో వేసి తెర్లనివ్వాలి. ఆవాలు, కరివేపాకు, చితక్కొట్టిన వెల్లుల్లితో తిరగమోత పెట్టాలి. పూర్ణం ఉండ చారుకు చిక్కదనాన్నీ అడుగున ఒక తీపి జీరనూ ఇస్తుంది. కర్నూలులో భక్ష్యాల రసం అంటే ఇదే. తీపి తిని మొహం మొత్తిన నాలుకకు ఈ చారన్నం మళ్ళీ ఆకలి పుట్టిస్తుంది. రాత్రంతా ఊరి మర్నాటికి దీని రుచి ఇంకా పెరుగుతుంది. చారు లేకుండా ఓళిగ వడ్డించడం సీమలో వెలితిగానే చూస్తారు, ఆ పట్టింపు న్యాయమైనదే.

ఉగాది విస్తట్లో ఓళిగ పక్కన చిత్రాన్నం, అలసంద వడలు ఉంటాయి. కడప పట్టణానికి ఆ రోజు మరో విశేషం ఉంది. దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి ఉగాది ఉదయాన ముస్లిం కుటుంబాలు వచ్చి మొక్కులు చెల్లిస్తాయి. బీబీ నాంచారిని పెళ్ళాడిన స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ళ నమ్మకం. కొత్త సంవత్సరపు తొలిరోజును మతాలకు అతీతంగా కలిసి జరుపుకునే ఊళ్ళో ఆ రోజు వంటకు ఉండే విలువ వేరు.

పట్టణాల్లో ఇప్పుడు ఓళిగలు కాల్చి అమ్మే అంగళ్ళు పెరిగాయి. పెనం మీది నుంచి నేరుగా ఆకులో పెట్టే చోట మంచివే దొరుకుతాయి. అట్టపెట్టెలో పెట్టి నిలవ ఉంచినవి పొర సాగి తోలులా మారతాయి. పైగా అంగట్లో చారు దొరకదు. ఈ వంట బతికుండాల్సింది ఇంట్లోనే.

పప్పు ఓళిగ మామూలు రోజుల్లో రెండు రోజులు, నడివేసవిలో ఒక్క రోజు నిలుస్తుంది. కొబ్బరి ఓళిగ అంతకన్నా త్వరగా పులుస్తుంది. ప్రయాణానికి శనక్కాయల ఓళిగ, నువ్వుల ఓళిగ సరిపోతాయి. గింజలు వేయించి, బెల్లంతో కలిపి దంచిన పూర్ణంలో తేమ దాదాపు ఉండదు కాబట్టి వారం దాకా చెడవు. శనక్కాయ, నువ్వు రెండూ మెట్టపొలాల పంటలే. పప్పు పూర్ణం మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు పెట్టుకోవచ్చు. లేదా మినప్పిండి, బియ్యప్పిండి జారులో ముంచి నూనెలో వేస్తే పూర్ణాలవుతాయి. మిగిలిన పైపిండిని పూరీలుగా వత్తుకోవచ్చు.