జరగని సభ - నిలిచిన మాట

2019 అక్టోబరు 30న చిలీ అధ్యక్షుడు సెబాస్టియన్ పిన్యేరా ఒక ప్రకటన చేశాడు. నవంబరు 16, 17 తేదీల్లో రాజధాని శాంటియాగోలో జరగవలసిన అపెక్ నాయకుల సమావేశం జరగదు. డిసెంబరులో జరగవలసిన ఐక్యరాజ్యసమితి వాతావరణ మహాసభ కూడా అక్కడ జరగదు. పసిఫిక్ సముద్రానికి అటూ ఇటూ ఉన్న 21 ఆర్థిక వ్యవస్థల అధినేతలు 1993 నుంచి ఏటా కలుసుకునే సభ అది. దానికి అడ్డుపడినది యుద్ధం కాదు, భూకంపం కాదు. మెట్రో రైలు టిక్కెట్టు మీద పెంచిన 30 పెసోలు.

సభ ఆగిందే గాని పెద్దల పని ఆగలేదు. శాంటియాగోలో సంతకాలు పడతాయనుకున్న అమెరికా - చైనా వాణిజ్య ఒప్పందం మీద 2020 జనవరి 15న వాషింగ్టన్‌లో సంతకాలు పడ్డాయి. వాతావరణ సభ మాద్రిద్‌కు తరలిపోయింది. కనుక ఏ ఒప్పందం ఎన్నాళ్లు ఆలస్యమైందన్నది సాహిత్య విమర్శకుడి ప్రశ్న కాదు. పాలకుల భాషా, ప్రజల భాషా ఒకే వారంలో, ఒకే వీధిలో ఎదురెదురుగా నిలబడ్డాయి. ఏ మాట నిలిచింది, ఎందుకు నిలిచింది అన్నదే మన ప్రశ్న.

ముందుగా పాలకుల భాషను చూద్దాం. గొడవకు కొద్ది రోజుల ముందు పిన్యేరా తన దేశాన్ని అల్లకల్లోలంగా ఉన్న లాటిన్ అమెరికాలో ఒక ఒయాసిస్సుతో పోల్చాడు. ఉపమానం అందంగానే ఉంది. కాని ఒయాసిస్సు అనగానే ఎవరికైనా మొదట తోచేది నీరు గదా! పినోషే సైనిక ప్రభుత్వం 1981లో చేసిన చట్టం చిలీలో నీటి హక్కును కొనదగిన, అమ్మదగిన ఆస్తిగా మార్చింది. పెతోర్కా ప్రాంతంలో ఎగుమతి కోసం పెంచే అవకాడో తోటలు కొండల మీద పచ్చగా ఉంటే, కింద పల్లెల్లోని జనం తాగునీటి కోసం ట్యాంకర్ల దారి చూశారు. ఒయాసిస్సు ఉన్నమాట నిజమే. ఆ నీళ్లెవరివన్న సంగతి మాత్రం ఉపమానంలో లేదు. జీవితం నుంచి తెగిపోయిన అలంకారం ఎప్పుడూ ఇలాగే తనను కట్టినవాడినే బయటపెడుతుంది.

రెండో మాట ఆర్థిక మంత్రిది. రద్దీ వేళల్లో 800 పెసోలున్న టిక్కెట్టు 830 అయింది. తెల్లవారుజామునే లేచి బయలుదేరేవారికి తక్కువ ఛార్జీ ఉంది గదా అన్నాడాయన. నగరపు అంచుల నుంచి గంటల తరబడి ప్రయాణం చేసి పనికి వెళ్లే మనిషికి పెందలాడే లేవమని చెప్పడం లెక్కల్లో పొరపాటు కాదు, వర్గదృష్టి. ఆ మనిషి అప్పటికే లేచి ఉన్నాడని మంత్రికి తెలియదు.

మూడో మాట అక్టోబరు 20న వచ్చింది. సైన్యాన్ని వీధుల్లోకి దింపిన అధ్యక్షుడు, మనం బలమైన శత్రువుతో యుద్ధంలో ఉన్నామన్నాడు. మరునాడు, రాజధాని భద్రత అప్పగించబడిన సైన్యాధికారే తనకు ఎవరితోనూ యుద్ధం లేదన్నాడు. పాలకుడి మాటను అతని సేనాపతే మొయ్యలేకపోయాడంటే ఆ మాట ఎంత బోలుదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ప్రజల భాష. విద్యార్థులు టిక్కెట్టు కొనకుండా గేట్లు దూకడంతో మొదలైన ఉద్యమానికి ఒక నినాదం దొరికింది: ఇది ముప్పై పెసోల సంగతి కాదు, ముప్పై ఏళ్ల సంగతి. అందులో విశేషణం లేదు, ఉపమానం లేదు. ఉన్నదల్లా ఒక లెక్క. నియంతృత్వం పోయి 1990లో పౌర ప్రభుత్వం వచ్చినా 1980 నాటి రాజ్యాంగం పోలేదు. జీతంలో పదోవంతు కోసుకుని ప్రైవేటు కంపెనీలకు అప్పగించే పింఛను పద్ధతి పోలేదు. ఆ పద్ధతిని రూపొందించిన మంత్రి హోసే పిన్యేరా, ఈ అధ్యక్షుడికి స్వయానా అన్న. దాన్ని దేశం మీద రుద్దిన సైన్యం మాత్రం తన పాత పింఛను తాను ఉంచుకుంది. వృద్ధుడు తన పింఛనునూ, విద్యార్థి తన చదువు అప్పునూ, రోగి తన ఆస్పత్రి బిల్లునూ ఆ ముప్పై ఏళ్లలో వేసి చూసుకోగలిగారు. అందుకే ఆ వాక్యం నిలిచింది.

అక్టోబరు 25న శాంటియాగోలో పది లక్షలకు పైగా జనం నడిచారు. ఆ రోజుల్లో వారు ఎత్తుకున్న పాటల్లో ఒకటి విక్టర్ హారా 1971లో వియత్నాం ప్రజల కోసం కట్టినది. 1973 సెప్టెంబరులో సైనికులు ఆయనను చంపేశారు. నెరూడా ద్వారా చిలీని ఎరిగిన మన పాఠకులకు ఆ సెప్టెంబరు కొత్త కాదు. ఇంకొకటి లోస్ ప్రిసియోనేరోస్ బృందం 1986లో పాడినది, చదువు చదివినా బతుకు దొరకని యువకుల పాట. పాత పాట మళ్లీ కొత్తగా వినిపించిందంటే అది ఆ పాట గొప్పతనమే కాదు, మారని పరిస్థితి మీద తీర్పు కూడా.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. మెట్రో స్టేషన్లు తగలబడలేదా? దుకాణాలు దోపిడీ కాలేదా? అయ్యాయి. దాచవలసిన పని లేదు. ముప్పై మందికి పైగా చనిపోయారు. పోలీసుల రబ్బరు గుళ్లకూ, బాష్పవాయు గోళాలకూ వందలాది మంది కళ్లు దెబ్బతిన్నాయి. కాని నేను పెద్దదనుకునే ప్రశ్న ఇది కాదు. దానిని మన పక్షంవారు సాధారణంగా దాటవేస్తారు.

2020 అక్టోబరులో చిలీ ఓటర్లు కొత్త రాజ్యాంగం కావాలని 78 శాతం మెజారిటీతో చెప్పారు. మపూచే జాతికి చెందిన భాషాశాస్త్రవేత్త ఎలీసా లోంకోన్ రాజ్యాంగ సభకు తొలి అధ్యక్షురాలయింది. 388 అధికరణాల ముసాయిదా తయారయింది. 2022 సెప్టెంబరు 4న అదే దేశం దానిని 62 శాతం ఓట్లతో తిరస్కరించింది. మితవాదుల ఆధిక్యంతో తయారైన రెండో ముసాయిదాను కూడా 2023 డిసెంబరులో జనం కాదన్నారు. 1980 రాజ్యాంగమే, సవరణలతో, మిగిలింది.

దీనిని అబద్ధపు ప్రచారం మీదికి నెట్టి ఊరుకోవడం తేలిక. ఇళ్లు లాక్కుంటారన్న పుకార్లు పుట్టిన మాట నిజమే. కాని మరొక నిజం ఉంది. 2020లో ఓటు ఐచ్ఛికం, వచ్చినవారు సగం మంది. 2022లో ఓటు తప్పనిసరి, వచ్చినవారు నూటికి 85 మందికి పైమాటే. అంతవరకు మాట్లాడని జనం అప్పుడు మాట్లాడారు. చౌకులో నిండిన పది లక్షల మందిని చూసి దేశమంతా అదే అనుకోవడం, ఒయాసిస్సును చూసి దేశమంతా పచ్చగా ఉందనుకోవడం లాంటి పొరపాటే.

నినాదం అందరి బాధకూ చోటిచ్చింది. ముసాయిదా ఒక్కొక్క బాధకు ఒక్కొక్క అధికరణం ఇచ్చింది. బాధను చెప్పే భాష వీధిలోనే దొరికింది. దాని పరిష్కారాన్ని పక్కింటివాడికి నచ్చచెప్పే భాష మాత్రం ఇంకా తయారు కాలేదు. అది ఒక్క రాత్రి ఊరేగింపులో పుట్టదు. గడప గడపకూ వెళ్లి, వినీ, దిద్దుకునీ తయారు చేసుకోవలసినది.

పాలకుల సభను ఆపగల శక్తి ప్రజల మాటకు ఉందని శాంటియాగో రుజువు చేసింది. ఆ మాటను చట్టంగా నిలబెట్టడానికి ఎంత ఓర్పు కావాలో కూడా ఆ నగరమే చెప్పింది. అభ్యుదయ రచయిత మొదటి పాఠాన్ని పాటగా కట్టడానికి ఎప్పుడూ సిద్ధమే. రెండో పాఠాన్ని కూడా చదివినప్పుడే అతడి పాట రేపు కూడా పాడదగినదవుతుంది.