థెస్సలొనీక: ఒక నగరనామం – ప్రకృతి, వికృతి

స్థలనామం కుదించుకుపోయినప్పుడు దానిని పరపాలకుల నోట చెడిన వికృతిగా నిర్ధారించడం సులభం. ఆ నిర్ధారణకు కాలక్రమ పరీక్ష ఎంత అవసరమో గ్రీసులోని థెస్సలొనీక పేరు తెలియజేస్తుంది.

క్రీ.పూ. 315 ప్రాంతంలో మాసిడోనియా పాలకుడు కసాండర్ ఈ నగరాన్ని స్థాపించాడు. సుమారు 26 ఊళ్లను తొలగించి, వాటి ప్రజలను ఇక్కడికి చేర్చి, నగరానికి తన భార్య పేరు పెట్టాడని స్ట్రాబో పేర్కొన్నాడు. ఆమె రెండవ ఫిలిప్పు కుమార్తె, అలెగ్జాండరుకు సవతి సోదరి. థెస్సలీ ప్రాంతనామం, విజయార్థకమైన ‘నీకే’ కలిసిన సమాసమిది. తండ్రి విజయం కుమార్తె పేరైంది. ఆమె పేరు నగరనామమైంది. ఫిలిప్పే తన విజయచిహ్నంగా ఈ పేరు పెట్టాడన్న కథనాన్ని కూడా బైజాంటియం స్తెఫానస్ నమోదు చేశాడు. సమాసార్థం స్పష్టంగా ఉండడం వల్లనే, వ్యక్తినామమనే నడిమి మెట్టును దాటవేసే ఈ కథనం పుట్టి ఉండవచ్చు.

వ్యవహారంలోని ‘సలోనీకి’, టర్కీ భాషలోని ‘సెలానిక్’, దక్షిణ స్లావు భాషల ‘సోలున్’ – వీటన్నిటిలోనూ పదాది అక్షరం లోపించింది. ఇది ఒట్టోమన్ పాలన ఫలితమనుకోవడానికి వీలులేదు. ఒట్టోమన్లు నగరాన్ని తొలిసారి పట్టుకున్నది 1387లో. అల్ ఇద్రీసీ 12వ శతాబ్దంలోనే దీనిని ‘సలూనిక్’ అన్నాడు. గ్రీకులో ఊనిక ‘నీ’ అక్షరంపై ఉంది. ఊనిక లేని పదాది అక్షరం జారిపోవడం సహజమైన ధ్వనిపరిణామం. సంస్కృత ‘అరణ్య’ ప్రాకృతంలో ‘రణ్ణ’ కావడం పదాదిలోపానికి మనకు పరిచితమైన ఉదాహరణ.

తెలుగు బైబిలు ‘థెస్సలొనీక’ రూపాన్ని స్థిరపరచింది. ఇందులో తుది స్వరం మారినా, గ్రీకు మహాప్రాణం, ద్విత్వ సకారం, హ్రస్వ ఒకారం, దీర్ఘ ఈకారం నిలిచాయి. ‘థెస్సలోనికి’ అని వ్రాస్తే హ్రస్వదీర్ఘాలు తారుమారవుతాయి. ఆంగ్లలిపి చూపని ఒ–ఓ, ఇ–ఈ భేదాలను మన లిపి చూపగలదు. ఆంగ్ల వర్ణక్రమాన్ని అనుసరించి ఆ సౌలభ్యాన్ని వదులుకోనక్కరలేదు.

కనుక ‘సలోనీకి’ని చెడిన రూపమనడం కంటే తద్భవమనడం సముచితం. స్థలనామ పరిశోధనలో ఏ రూపం శుద్ధమన్న ప్రశ్న కంటే, ఏ రూపం ఎప్పుడు, ఎవరి నోట మొదట నమోదైందన్న ప్రశ్న ముందు రావాలి.