ఒక్క పాట దగ్గరే ఆగిపోతే: ట్రేసీ చాప్‌మన్ ఎనిమిది ఆల్బమ్‌లు

ట్రేసీ చాప్‌మన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 'ఫాస్ట్ కార్' ఒక్కటే. ఉద్యమాల్లో ఉన్నోళ్లకైతే మొదటి ఆల్బమ్‌లోని విప్లవం పాట కూడా తెలుస్తుంది. ఈ రెండు పాటలతోటే ఒక నల్లజాతి స్త్రీ ఇరవయ్యేళ్ల పనిని ముగించేస్తున్నాం. 1988 నుంచి 2008 దాకా ఆమె ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. వాటిని వరసబెట్టి వింటే ఏం తెలుస్తుంది? దాంతో మనకేం పని?

1964లో ఓహియో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. తల్లే పెంచింది. స్కాలర్‌షిప్ మీద కనెక్టికట్‌లో ప్రైవేటు స్కూల్లో, తర్వాత టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చదివింది. బోస్టన్ దగ్గర వీధుల్లో గిటార్ పట్టుకుని పాడింది. 1988 ఏప్రిల్‌లో మొదటి ఆల్బమ్, జూన్ 11న లండన్‌లో మండేలా 70వ పుట్టినరోజు సభ. ఆ సెప్టెంబర్ 30న ఆమ్నెస్టీ యాత్రలో ఢిల్లీ వచ్చి పాడింది. మానవ హక్కుల పేరుతో ఢిల్లీలో ఆ కచేరీ జరిగేనాటికి కారంచేడు జరిగి మూడేళ్లు. చుండూరుకి ఇంకో మూడేళ్లుంది.

రంగూ కులమూ ఒకటేనని అనటం లేదు. కానీ 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఆ పేరు పెట్టుకున్నప్పటినుంచీ నల్లవాళ్ల గొంతు మనకు పరాయిది కాదు.

మొదటి ఆల్బమ్‌లో కథలున్నాయి. తాగుబోతు తండ్రిని చూసుకోటానికి చదువు మానేసి షాపు కౌంటర్లో పనిచేసే పిల్ల 'ఫాస్ట్ కార్' చెబుతుంది. కారెక్కి బయటపడ్డాననుకుంటుంది. చివరికి ప్రేమించినోడూ తండ్రిలాగే తయారవుతాడు. పేదరికం ఊరు మారితే పోయేది కాదని ఇంత నెమ్మదిగా చెప్పిన పాట అరుదు. 'అక్రాస్ ది లైన్స్'లో రైలుపట్టాలు ఊరిని తెల్లోళ్లకీ నల్లోళ్లకీ పంచుతాయి. ఊరికీ వాడకీ మధ్య గీతేంటో మనకి ఎవరూ వివరించక్కర్లేదు. 'బిహైండ్ ది వాల్'లో వాయిద్యమే లేదు. గోడ అవతల దెబ్బలు తింటున్న ఆడమనిషి, అక్కరకు రాని పోలీసులు, ఇవతల నిద్రపట్టని గొంతు. అంతే.

తర్వాతి ఆల్బమ్‌లలో ఆమె చల్లబడిపోయిందనే మాట వింటుంటాం. విని చూద్దాం. 1989లో రెండో ఆల్బమ్ 'క్రాస్‌రోడ్స్'లో అమ్ముడుపోవటం గురించిన భయముంది. అప్పటికింకా జైల్లోనే ఉన్న మండేలా కోసం పాట ఉంది. 1992లో తుపాకి చేతికొచ్చిన పిల్లాడి పాట, 1995లో భూమిని చెరచటం మీద పాట, 2005లో ఆక్రమణే పునాదిగా పెరిగిన అమెరికా మీద పాట ఉన్నాయి. ఇందులో చల్లబడిందెక్కడ? వీటి పక్కనే ప్రేమ పాటలున్నాయి. బ్లూస్ వరసలో కట్టిన 'గివ్ మీ వన్ రీజన్'కి 1997లో గ్రామీ వచ్చింది. అసలు అభ్యంతరం ఈ ప్రేమ పాటల మీదేననిపిస్తుంది. అణగారినోళ్లు కోపం మాత్రమే పాడాలి, అలసట, మోహం, అనుమానం పాడకూడదు అనే షరతు ఎవరు పెట్టారు? మన కవులకీ ఇదే కొలబద్ద వాడుతున్నారు. మనలో కొందరం కూడా!

అట్లాగని అన్నీ ఒకే ఎత్తు కాదు. 2000, 2002 ఆల్బమ్‌లలో మొదటి ఆల్బమ్‌లోని కూలీ లెక్కలు, పని పేర్లు తగ్గిపోతాయి. మాటలు గాల్లో తేలతాయి. వరసలు ఒకదానిలా ఒకటి వినిపిస్తాయి. ఈ లోపం చెప్పటానికైనా అన్నీ వినాలి గదా.

ఇంకో ముఖ్యమైన సంగతి, హక్కు. తన పాట ముక్కని అనుమతి లేకుండా వాడుకున్నారని 2018లో ర్యాప్ గాయని నికీ మినాజ్ మీద ఆమె కేసు వేసింది. 2021లో 4,50,000 డాలర్లతో అది పరిష్కారమైంది. 2023లో తెల్లజాతి కంట్రీ గాయకుడు ల్యూక్ కూంబ్స్ 'ఫాస్ట్ కార్' మళ్లీ పాడాడు. ఆమె పాడినప్పుడు అమెరికా పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్లిన పాట ఈయన గొంతులో రెండో స్థానానికెక్కింది. దాని వెనకున్న వివక్ష గురించి అడగాల్సిందే. అయినా రచయితగా పేరూ రాబడీ ఆమెవే. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం అవార్డు అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమె.

ఇక మన పాటల సంగతి? సభల్లో గొంతెత్తి పాడతాం. రాసినోళ్లెవరంటే 'ప్రజలు' అంటాం. వినటానికి గొప్పగా ఉంటుంది, కానీ పేరు పోయిన చోట బతుకుతెరువూ పోతుంది. ఆ వరస సినిమాకెళ్తే వేరేవాళ్ల పేరు చేరుతుంది. అగ్రవర్ణ కవికి మాత్రం సమగ్ర సంపుటాలుంటాయి. మన పాటకాళ్లకు ఒకటి రెండు పాటలు మిగుల్తాయి.

ఒక గాయని మొత్తం పనిని వరసగా వినటం ఆమెని మనిషిగా గుర్తించటం. విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు ఈ పని మన వాడల్లోనే మొదలుపెట్టొచ్చు. ఒక్కొక్క పాటకాడివీ, పాటగత్తెవీ అన్ని పాటలూ సేకరించండి. ఏ ఏడు, ఏ సందర్భంలో కట్టిందో అడిగి రాయండి. బాగున్నవీ బాగాలేనివీ రెండూ ఉంచండి. ఆ పని చేశాకే మన పాట మీద నిజమైన విమర్శ మొదలవుతుంది.