సింహాన్ని వెనక్కి తిప్పి చూస్తే

ఉస్మానియా ఎన్.సి.సి. గేటు వైపు పొద్దున్నే నడిస్తే కవాతుకొచ్చిన పిల్లలు కనిపిస్తారు. టోపీ మీద, ఎడమ కంటికి పైన, ఒక బిళ్ల. 1948లో పుట్టిన దళం గుర్తు అది. వెనకటికి ఆఫీసుల్లో బిళ్లబంట్రోతు అంటే ఊరంతా లేచి నిలబడేది. ఆ బిళ్లను ఎవరు చెక్కారు, ఎలా చేశారు అని మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ ప్రశ్న నా చేత అడిగించింది తార్నాకలో మా వీధి చివర ఉండే పెద్దాయన. సైన్యంలో పనిచేసి వచ్చారు. చెక్కపెట్టె నిండా పాత టోపీ బిళ్లలు, మందుల దూదిలో చుట్టి ఉంటాయి. నేను ఏ బిళ్ల పట్టుకెళ్లినా ఆయన ముందువైపు చూడరు.

"వెనక్కి తిప్పు బిడ్డా. ముఖం ఎవడైనా దిద్దుతాడు."

ఆయన నాకు మొదట చేతికిచ్చింది కుమావూ రెజిమెంట్ బిళ్ల. నడుము వరకే ఉన్న సింహం, ముందు పంజాలతో శిలువ పట్టుకుని లేచి నిలబడింది. భూతద్దం కింద పెడితే జూలు ఒక ముద్దగా లేదు. పాయ పాయకీ మధ్య సన్నటి లోయ, ఆ లోయ అడుగున కూడా గీత తెగలేదు. వెనక్కి తిప్పితే అదే సింహం గుంటగా కనిపించింది. ముందు ఛాతీ ఎంత ఉబ్బిందో వెనక అంత లోతు.

ఇది అచ్చు పని. మెత్తటి ఉక్కు దిమ్మలో పనివాడు బొమ్మను తలకిందులుగా చెక్కుతాడు. కుడి ఎడమవుతుంది, ఎత్తు లోతవుతుంది. సింహం ముక్కు బయటికి రావాలంటే అక్కడ అన్నిటికన్నా లోతుగా తవ్వాలి. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు రాయాలి. శిల్పి అయితే తను చెక్కేది కళ్లెదుట చూసుకుంటాడు. ఈయన మాత్రం చెక్కుతున్నదానికి వ్యతిరేకమైనదాన్ని మనసులో చూసుకోవాలి, మధ్యమధ్య మైనం అద్ది సరిచూసుకోవాలి. పని పూర్తయ్యాక దిమ్మను కాల్చి గట్టిపరుస్తారు. దానికీ, దానికి జోడైన రెండో దిమ్మకీ మధ్య పలచటి ఇత్తడి రేకు పెట్టి బలంగా కొడతారు. అంచుల్లో మిగిలిన రేకును కత్తిరించి, కాళ్ల సందుల్లో, తోక మలుపుల్లో ఉన్నది తీసేసి, వెనక కొక్కేలో పట్టీయో టంకం పెడతారు. బిళ్ల ఖరీదు ఎంతైనా కావచ్చు, నా మటుకు అసలు కళాఖండం ఆ ఉక్కు దిమ్మే. దాన్ని చెక్కినవాడి పేరు బిళ్ల మీద ఉండదు.

నేను మోసపోయిన బిళ్ల కూడా ఆ పెట్టెలోనే ఉంది, పాఠం కోసం. ఒక ఆదివారం సంతలో బేరమాడి గెలిచాననుకుని కొన్నది. పెద్దాయన తిప్పి చూసి నవ్వారు. వెనక గుంట లేదు, చదునుగా ఉంది. నూకలు చల్లినట్టు సన్నటి బొడిపెలు. అసలు బిళ్లను మట్టిలో అద్ది, ఆ ముద్రలో ఇత్తడి పోశారు. చల్లారేటప్పుడు లోహం కొంచెం కుంచించుకుంటుంది కనుక అసలుదాని కన్నా వెంట్రుకవాసి చిన్నది కూడా. అరుగుదల సంగతి మరీ ఘోరం. నిజంగా వాడిన బిళ్ల సిపాయి రోజూ బ్రాసో పెట్టి రుద్దే చోట అరుగుతుంది. ముక్కు, ఛాతీ, పంజా అరుగుతాయి, సందులు పదునుగానే ఉంటాయి, వాటిలో ఆరిపోయిన పాలిష్ తెల్లగా మిగులుతుంది. నా బిళ్లలో సందులూ శిఖరాలూ ఒకేలా మొద్దుబారాయి.

అలాగని పోత పోసినదల్లా నకిలీ అని కొట్టిపారేయకూడదు. యుద్ధకాలంలో మన దేశంలో బజారు పనివాళ్లు పోసిచ్చిన బిళ్లలనే పెట్టుకుని నడిచిన దళాలున్నాయి. ఇక్కడే కొత్తవాళ్లు తప్పులో కాలేస్తారు. నేనూ ఒకసారి మంచి బిళ్లను వద్దని వదులుకున్నాను.

కాలం తేల్చడానికి ఒక్కోసారి చిన్న గుర్తు చాలు. పాత రెజిమెంట్ బిళ్ల మీద బ్రిటిష్ కిరీటం ఉంటే 1950 జనవరి 26కి ముందుది, అశోకుడి సింహాలుంటే తర్వాతది. హైదరాబాదీలకు ఈ విద్య కొత్తేమీ కాదు. నిజాం నాణెం మీది చార్మినార్ కమాను లోపల ‘మీమ్’ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలం, ‘ఐన్’ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. అదీ దిమ్మ మీద తలకిందులుగా చెక్కిన అక్షరమే.

ఇంతకీ ఎక్కడో హిమాలయాల కింది కుమావూ సింహానికి తార్నాక పెట్టెలో ఏం పని? అది మన ఊరిదే కనుక. 1811 నుంచి 1820 వరకు హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న హెన్రీ రస్సెల్ నిజాం సైన్యంలో 1813లో ఒక బ్రిగేడ్ కట్టాడు. అదే హైదరాబాద్ కంటింజెంట్‌లో భాగమైంది. 1922లో ఆ దళాలు 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. తర్వాత తర్వాత సిపాయిల్లో కుమావూ కొండల వాళ్లు పెరిగారు. 1945 అక్టోబర్ 27న పేరూ కుమావూ అయింది. హైదరాబాద్ అన్న మాట పోయింది, రస్సెల్ ఇంటి చిహ్నంలోని సింహం మాత్రం టోపీ మీద ఉండిపోయింది. 1947లో బడ్గాంలో పోరాడి మరణించి, మొట్టమొదటి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఈ రెజిమెంట్ వాడే.

రస్సెల్ కాపురమున్న రెసిడెన్సీ తర్వాత ఉస్మానియా వారి కోఠి మహిళా కళాశాల అయింది. మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలున్నాయి. ఒక సాయంత్రం కుమావూ బిళ్ల జేబులో వేసుకెళ్లి పక్కన పెట్టి చూశాను. పోలిక లేదు. బొటనవేలంత ఇత్తడి సింహంలోనే పౌరుషం ఎక్కువ.

సింహం ఎవరిదో బిళ్ల చెబుతుంది, కాలం చెబుతుంది, అచ్చుదో పోతదో చెబుతుంది. పెట్టుకున్న మనిషి ఎవరో చెప్పదు. మీ ఇంట్లో ఏ తాతగారి ట్రంకుపెట్టెలోనైనా ఇలాంటిది దొరికితే దయచేసి చింతపండు పెట్టి తోమకండి. రెండు వైపులా ఫొటో తీయండి. ఆయన పేరు, ఊరు, దళం ఒక కాగితం మీద రాసి దానితోపాటే చుట్టి పెట్టండి.