పదిహేను మేకలు, మూడు పులులు, ఒక బల్లెం బంటు

మా ఇంటి అరుగు మీద నాపబండకు ఒక మూల పులిజూదం గీసి ఉంది. మా జేజినాయన మేకుతో గీకినది. కోయిలకుంట్లలో బండకు కరువు లేదు. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి సున్నపురాయి పొర ఒకదానికి మా ఊరి పేరే పెట్టుకున్నారు. రాయికి కరువు లేనిచోట ఆటకూ కరువుండదు. ఎండాకాలం సెలవులకు వచ్చిన మా మేనల్లుడు ఆ గీతల మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, "మామా, నెల నెలా దుడ్లు కట్టకుండా ఆడే మంచి యుద్ధం ఆట ఏదన్నా చెప్పు" అని అడిగినాడు. నీ ల్యాప్‌టాప్ కిందే ఒకటుంది, ముందు దాన్ని చూడు అన్నాను. వాడు నవ్వినాడు. నేను నవ్వులాటకు అనలేదు.

ఆ ఆట కట్టుబడి చూడండి. పైన ఒక కొన. ఆ కొన నుంచి నాలుగు గీతలు చీపురుపుల్లల్లా విచ్చుకుంటూ కిందికి దిగుతాయి. అడుగున వాటి కాళ్ళను ఒక అడ్డగీత కలుపుతుంది. నడుమ మూడు అడ్డగీతలు ఆ నాలుగింటినీ కోసుకుంటూ పోయి అటూ ఇటూ బయటికి పొడుచుకొస్తాయి. ఆ బయటి కొసలను రెండు పక్కలా ఒక్కో నిలువుగీత కలుపుతుంది. గీతలు కలిసే చోట్లు లెక్కపెడితే కొన ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23. మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. పులులు ముందే బండ మీద ఉంటాయి. మేకలు వంతుకొకటి చొప్పున దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలడానికి లేదు, పులి మాత్రం తన వంతు రాగానే కదలొచ్చు. పక్కనున్న మేకకు అవతల అదే గీత మీద చోటు ఖాళీగా ఉంటే దూకి దాన్ని చంపొచ్చు. పులులన్నిటినీ కదలకుండా కట్టేస్తే గెలుపు మేకలది.

ఇక పనితనం. 23లోంచి మూడూ పదిహేనూ తీసేస్తే 5. ఒక్క మేకా చావకుండా అన్నీ దించగలిగితే బండ మీద మిగిలే ఖాళీలు ఐదే. పులి బతుకంతా ఆ ఖాళీల మీదే ఆధారపడి ఉంది, దూకడానికి ఖాళీ కావాలి కదా. ఒక మేక చస్తే ఖాళీలు ఆరవుతాయి, ఇంకొకటి చస్తే ఏడు. అంటే ప్రతి చావూ తర్వాతి చావును కాస్త సులువు చేస్తుంది. అందుకే ఈ ఆటలో మొదటి మేకను పోగొట్టుకున్నవాడి ముఖం అట్లా మాడిపోతుంది.

మేకకు బొత్తిగా ప్రాణభయం లేని చోట్లు ఎన్నో చూద్దాం. దూకాలంటే మేకకు ఇవతలా అవతలా ఒకే గీత మీద చోటుండాలి. కొన మీద కూర్చున్నదాని మీదుగా దూకలేరు, అక్కడ గీతలన్నీ ఆగిపోతాయి. అడుగు గీత రెండు చివర్లూ అంతే. పక్క నిలువుగీతల పై మూలలు రెండు, కింది మూలలు రెండు కూడా అంతే. మొత్తం ఏడు. కొనను మామూలుగా పులి ముందే ఆక్రమించి ఉంటుంది కనుక మేకకు మిగిలేవి ఆరు. చేయి తిరిగిన ఆటగాడు మొదటి ఆరు గింజలూ ఎక్కడ పెడతాడో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఎవరూ నోటితో చెప్పరు, చూసి నేర్చుకోవాల్సిందే.

పులి వైపు నుంచి లెక్క ఇంకా బాగుంటుంది. కొన మీది పులిని కట్టెయ్యాలంటే దాని కింద నాలుగు దారులూ మూయాలి, ఆ నాలుగింటి వెనకా మళ్ళీ నాలుగు నిలపాలి, లేకుంటే దూకుతుంది. ఎనిమిది మేకలు. అదే పులి పై మూలలో ఒదిగితే దారులు రెండే, వెనక మరో రెండు, నాలుగు మేకలతో సరి. మూడు పులులూ మూలలు పడితే పన్నెండు మేకల్లో ఆట ముగుస్తుంది, మూడు చచ్చినా పరవాలేదు. కనుక మేకల ఆటంతా పులిని మూలకు తోలడం, పులి ఆటంతా నడిమి గీతలను వదలకపోవడం. ఈ ఏర్పాటును పేరు లేని మనుషులు, కాగితం లేకుండా, ఆడీ ఆడీ అరగదీసి తెచ్చారు. నేపాల్‌లో ఇదే కుటుంబపు ఆట బాఘ్‌చాల్‌లో పులులు నాలుగు, మేకలు ఇరవై. గీతలు మారితే లెక్కా మారింది.

కంప్యూటర్ ఆట ఎంచుకునేటప్పుడు కూడా నేను చూసేది ఇదే: లెక్క కంటికి కనపడుతుందా, కనపడిన లెక్కలోంచి ఆట పుడుతుందా. నెలవారీ రుసుము ఆటకు మన కాలం కావాలి. నెలాఖరుకు ఇంకా పని మిగిలుండాలి, లేకుంటే చందా ఆగిపోతుంది. అందుకని నడకలు, వేచి ఉండడాలు, ఒకే పందిని నలభైసార్లు చంపడాలు. నేనూ ఒకప్పుడు అట్లాంటిది పెట్టుకున్నాను. ఆడింది తొమ్మిది రోజులు, ఖాతాలోంచి డబ్బు పోయింది నాలుగు నెలలు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అమెరికాలో నెలకు 15 డాలర్ల దాకా తీసుకుంటుంటే, మరుసటి ఏడు వచ్చిన గిల్డ్ వార్స్ డబ్బా ధర ఒక్కటే తీసుకుంది. ఊరి బయటికి వెళ్ళే ప్రతి జట్టుకూ ఆ అడవిని విడిగా ఒక నకలు చేసి ఇచ్చింది. అందరినీ ఒకే అడవిలో ఎప్పుడూ మోయాల్సిన అవసరం సర్వర్లకు తప్పింది. వందల విద్యలున్నా బయలుదేరేటప్పుడు ఎనిమిదే వెంట తీసుకెళ్ళనిచ్చింది. ఏ ఎనిమిది అన్నదే అసలు ఆట. ఇక 'ఉచితం' అని పిలిచి లోపల కత్తికి ఒక ధర, గుర్రానికి ఒక ధర పెట్టేవి వేరే జాతి. వాటికంటే చందా ఆటలే మేలు, కనీసం మొహం మీదే అడుగుతాయి.

మేనల్లుడికి నేను ఎక్కించి ఇచ్చింది 'బ్యాటిల్ ఫర్ వెస్నోత్'. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టాడు, 2005లో 1.0 వచ్చింది. మూలం తెరిచి పెట్టిన ఆట, ఇప్పటికీ లోకం నలుమూలల నుంచి జనం తలా ఒక చేయి వేస్తున్నారు. ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా ఆడుకోవచ్చు, పాత కంప్యూటర్ చాలు. ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని వంతులవారీగా కూడా ఆడొచ్చు, అచ్చం మా అరుగు మీద లాగా.

అందులో ఒక్క బంటును తీసుకుందాం. బల్లెం బంటు. ధర 14 నాణేలు, ప్రాణం 36 పాయింట్లు, వంతుకు ఐదు అడుగులు. పొడిస్తే 7 దెబ్బ, అట్లా మూడు పోట్లు. ఎదుటివాడు ముందు మీద పడినా బల్లెం పొడవు కదా, మొదటి పోటు ఇతనిదే. నేల అంతా ఆరు మూలల గడులు. మామూలుగా దెబ్బ తగులుతుందా లేదా అన్నది కొట్టేవాడి నేర్పును బట్టి ఉండదు, తినేవాడు నిలబడిన నేలను బట్టి ఉంటుంది. ఈ నియమం ఒక్కటి చాలు ఆటను నడపడానికి. చదునైన నేల మీద మన బంటును 100కు 60 దెబ్బలు తగులుతాయి, అడవిలో 50, ఊళ్ళో 40, మోకాలు లోతు నీళ్ళలో 80. ఇక్కడ పుట్టినవాడికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కొండా అడవీ ఎంత అండో కుంపిణీ దండు చూసింది.

దానికి తోడు పొద్దు. ఆరు వంతులకు ఒక రోజు: వేకువ, రెండు పగళ్ళు, సందె, రెండు రాత్రులు. మన బల్లెం బంటులాంటి మనుషులకు పగలు బలం పాతిక శాతం పెరిగి రాత్రి పాతిక తగ్గుతుంది, ఓర్కులు అనే రాక్షస మూకకు తలకిందులు. బల్లెం 7 పగలు 9 అవుతుంది, రాత్రి 5. ఓర్క్ కత్తి బంటు దెబ్బ 9, రెండు వేట్లు. రాత్రి అది 11, పగలు 7.

ఇప్పుడు ఈ రెండు నియమాలనూ కలిపి ఒక రాత్రి చూద్దాం. ఓర్క్ వచ్చి మన బంటు మీద పడ్డాడు. మనవాడు ఊళ్ళో ఉంటే రెండు వేట్లలో సగటున తగిలేది 8.8. ఊళ్ళో ఉన్నవాడికి తన వంతు మొదట్లో 8 పాయింట్ల ప్రాణం తిరిగొస్తుంది. అంటే ఒక్క ఓర్క్ రాత్రంతా కొట్టినా మనవాడు ఇంచుమించు అక్కడే ఉంటాడు. అదే బంటు ఏట్లో దిగి ఉంటే సగటు 17.6, తిరిగొచ్చేది ఏమీ లేదు. రెండు రాత్రి వంతులకు మనిషి పోయినట్టే. బంటు అదే, ఓర్క్ అదే, ఒక గడి తేడా. ఈ సంఖ్యలేవీ దాచిపెట్టలేదు. దాడికి ముందే ఆట ఒక కిటికీ తెరిచి ఎవరు చచ్చే అవకాశం ఎంతో చూపిస్తుంది. చూపించిన తర్వాత కూడా నిర్ణయం కష్టంగానే ఉంటుంది. నాకు ఈ ఆట మీద గౌరవం కలిగింది అక్కడ.

మేకల ఆట ఇందులోనూ ఉంది. ప్రతి బంటూ తన చుట్టూ ఉన్న ఆరు గడులకు కాపలా. మామూలుగా పగవాడు వాటిలో అడుగుపెడితే ఆ వంతుకు అక్కడే ఆగాలి. అందువల్ల ఇద్దరి నడుమ రెండు గడులు ఖాళీ వదిలినా దారి మూసినట్టే. ఆరుగురితో ఒక మైదానాన్ని కట్టెయ్యొచ్చు. అయితే ఇంకా లెవెల్ లేని పిల్లబంట్లకు ఈ కాపలా శక్తి లేదు, వాళ్ళను వరసలో నిలబెట్టి మురిసిపోతే కంచెలో కంత పడుతుంది.

కథాపాత్రల ఆటలు ఇష్టపడేవాళ్ళకు కూడా ఇందులో ఒక ముక్క దాచారు. మనుషుల్లోంచి చేరే ప్రతి బంటుకూ ఒక పేరు, రెండు పుట్టు గుణాలు ఉంటాయి: బలం, చురుకు, తెలివి, గట్టి ప్రాణం, వీటిలో ఏవో రెండు. చురుకైనవాడికి ఒక అడుగు ఎక్కువ, ప్రాణం కొంచెం తక్కువ. తెలివైనవాడు ఐదో వంతు తక్కువ అనుభవంతోనే పైమెట్టు ఎక్కుతాడు. మొదటి మెట్టు పగవాడితో పోరాడితే ఒక పాయింటు, చంపితే ఎనిమిది. 42 చేరితే మన బల్లెం బంటు మూడు దారుల్లో ఒకటి పడతాడు: కత్తివాడు, పొడవు ఈటెవాడు, విసురు బల్లెంవాడు. తర్వాతి ఘట్టానికి అతన్ని మళ్ళీ పిలవాలంటే 20 నాణేలు, కొత్తవాడు 14కే వస్తాడు. ఆరు నాణేల తేడా ఇచ్చి పాతవాణ్ణే పిలుచుకుంటాం. అతను చచ్చిపోతే మళ్ళీ రాడు. మేనల్లుడు నాలుగో రోజు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు, ఎవరో పోయినట్టున్నారు.

నేను ఎక్కువగా మెచ్చుకునేది ఇంకొకటుంది. బంట్లందరూ మామూలు అక్షరాల ఫైళ్ళలో ఉంటారు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక వరసలో ధర 14, దాని దగ్గరే ప్రాణం 36, అడుగులు 5, అనుభవం 42. దిద్ది దాచుకుని మళ్ళీ మొదలుపెడితే ఆట మారుతుంది. బండ మీద ఇంకో గీత గీసుకున్నట్టే. పటాలు సైతం అంతే, గడికి కొన్ని అక్షరాల గుర్తు చొప్పున.

బొమ్మలే అక్కర్లేదు, ఒక్కడే తిరుగుతానంటే 1987 నుంచి నడుస్తున్న నెట్‌హాక్ ఉంది, అదీ ఉచితమే. అందులో నేల చుక్కలు, గోడలు గీతలు, వెంట వచ్చే కుక్క ఒక అక్షరం. ఆ కుక్క శాపం తగిలిన వస్తువు మీద అడుగేయడానికి వెనకాడుతుంది. దాని నడక చూసి ఏది ముట్టుకోకూడదో తెలుసుకోవచ్చు. దుకాణంలోకి వెంట తీసుకెళితే సరుకు నోట కరుచుకుని బయటికి తెస్తుంది, షావుకారు మనల్ని డబ్బు అడగడు. ఇదంతా ఒక అక్షరానికి నేర్పారు. డెన్మార్క్‌లో ఆర్హస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1996లో విడుదల చేసిన ఫ్రీసివ్ మరో దారి, నాగరికతలు కట్టే పెద్ద ఆట. పెద్ద ఆటకు పెద్ద సెలవులు కావాలి, మేనల్లుడికి పదిహేను రోజులే ఉన్నాయి.

ఫైళ్ళ సంగతి చెప్పిన సాయంత్రమే వాడు బల్లెం బంటు ప్రాణాన్ని 360 చేసినాడు. ఓర్కులను గంటసేపు కోసి పారేసి, విసుగొచ్చి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మళ్ళా 36 చేసినా మామా" అన్నాడు, నేను అడగకుండానే. ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టి, ఇంట్లోకి పోయి దోసెడు చింతగింజలు తెచ్చినాడు. పులులు నాకిచ్చినాడు. కొన మీద ఒకటి, దాని కింద రెండు పెట్టినాను. వాడు బండ మీదికి వంగి కొంచెంసేపు చూసి, మొదటి గింజను నడిమిలో కాదు, పై అడ్డగీత ఎడమ మూలలో పెట్టినాడు.