పాటకు టేపు మెరుగు

కాణిపాకం చుట్టుపక్కల ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం తెలియని ఇల్లు అరుదు. 1963లో హెచ్‌ఎంవీ విడుదల చేసిన ఆ రికార్డు టేపుల కాలం నాటిది.

ఇప్పటి డిజిటల్ రికార్డింగులకు ఆ టేపుల మెత్తదనం అద్దాలని కొందరు మాస్టరింగ్ ఇంజనీర్లు పాటను మళ్లీ టేపు మీదికి ఎక్కిస్తారు. రీలు సెకనుకు 15 లేదా 30 అంగుళాల వేగంతో తిరుగుతుంది. ధ్వని స్థాయి పెంచేకొద్దీ ఐరన్ ఆక్సైడ్ పూత ఇక మోయలేక మృదంగం దెబ్బల మొనలను గుండ్రంగా మలుస్తుంది. మూలస్వరానికి మూడో హార్మోనిక్ సన్నగా తోడవుతుంది.

ఎంత ఎక్కించాలన్నదే అసలు పనితనం. ఎక్కువైతే గొంతు మసకబారుతుంది, తక్కువైతే టేపు బుస బయటపడుతుంది. అందుకే ముందుగా టేపు యంత్రం హెడ్లు తుడిచి, రికార్డింగులో పాటతో కలిపే బయాస్ సంకేతాన్ని సరిచూస్తారు. ఆ ఓపికకు దండం పెట్టాలి! ఆ తర్వాతే పాట టేపు నుంచి తిరిగి కంప్యూటర్‌లోకి చేరుతుంది.